తట్టితే పలికే పేజీ

నలభై ఏళ్లుగా బస్టాండుల్లో కూర్చుంటున్నవాణ్ని. ఏ ఊళ్లో దిగినా ముందు బెంచీ చూసుకుంటాను, తర్వాత మైకు వింటాను. మైకులో మాట్లాడేవాళ్లలో చాలామంది చేతిలో ఉన్న కాగితాన్ని వదిలించుకోవడానికి చదువుతారు. ఎదురుగా నిలబడి చెప్పినట్టు చెప్పేవాళ్లు నాకు ముగ్గురే తగిలారు. వాళ్లలో ఒకాయన కుర్చీ పోబోయిన సంగతీ, ఆ కుర్చీ కోసం ఆయన మేనకోడలు పట్టిన పట్టూ చెప్పాలని ఇది మొదలుపెట్టాను.

ఆయన్ని ఆ బస్టాండులో అందరూ మైకు మామయ్య అంటారు. పుట్టుకతోనే చూపు లేదు. విచారణ కౌంటరులో ఇరవై ఆరేళ్లుగా అదే కుర్చీ. ముందు ఒక అద్దం, అద్దం కింద చెయ్యి పట్టేంత సందు. బస్సు మీద డ్యూటీ ఉన్న కండక్టరు ఆ అద్దం మీద నాణెంతో కొడతాడు. ఒక్కసారి కొడితే బస్సు వచ్చిందని. రెండుసార్లయితే ఆలస్యం. మూడుసార్లయితే ఆ ట్రిప్పు రద్దు. ఎవరి చెయ్యి మోత ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు కాబట్టి బస్సు నంబరు కూడా చెప్పనక్కర్లేదు. నోటితో చెబితే పోయేదానికి ఈ మోత దేనికని ఒకసారి అడిగాను.

"కండక్టర్లు మాట్లాడటం మొదలుపెడితే ఆపరు సార్. నేను ప్రకటన చెప్తుంటే మైకు ఆన్‌లో ఉంటుంది," అన్నాడు.

పోయినేడు డిపోవాళ్లు ప్రతి ప్లాట్‌ఫారం మీదా ఒక వెలిగే బోర్డు పెట్టారు. ఏ బస్సు, ఎప్పుడు, ఎక్కడ అని అందులో కనిపిస్తుంది. ఆ బోర్డుల్ని నడిపేది కౌంటరులోని కంప్యూటరులో తెరుచుకునే ఒక పేజీ. కుర్చీలో ఉన్న మనిషి మైకులో చెప్పడంతో పాటు ఆ పేజీలో నొక్కాలి కూడా. డిపో మేనేజరు చెడ్డవాడేం కాదు. తేల్చి చెప్పాల్సినది తేల్చి చెప్పాడు, అంతే. నెలాఖరు నుంచి పేజీ నడపగలిగినవాళ్లే ఆ కుర్చీలో ఉంటారు. మైకు మామయ్యకు ఉద్యోగం పోదు. పోగొట్టుకున్న సామాన్ల గదికి మారుస్తారు. అక్కడి సామానులో ముప్పాతిక గొడుగులే కాబట్టి దాన్ని గొడుగుల గది అంటారు. "ముందే మీ దగ్గర ఉండనీయండి" అంటూ ఆ గది తాళంచెవి కూడా ఇచ్చేశాడు మేనేజరు. ఆయన దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. ఉద్యోగం ఇంకా ఐదేళ్లుంది. ఐదేళ్లు గొడుగులతో ఏం మాట్లాడతాడు?

ఆ పేజీ కట్టే పని తీసుకున్న కంపెనీలో ఆయన మేనకోడలు పనిచేస్తుంది. కట్టింది కూడా ఆమే.

ఆమె పుట్టేనాటికే ఆయన అక్కగారింట్లో ఉంటున్నాడు. మేనకోడల్ని బడికి తీసుకెళ్లేవాడని ఇంట్లో అంటారు. నిజానికి ఆయన చెయ్యి ఆ పిల్ల భుజం మీద ఉండేది. దారిలో మెట్టు, గుంట, పడుకున్న కుక్క అని ఆ పిల్ల చెబుతూ నడిచేది. సాయంత్రం పేపరు చదివి వినిపించేది. హడావిడిగా చదివితే ఆయన ఆపేవాడు: "ఆ మంత్రి చచ్చాడా, ఊరికే రాజీనామా చేశాడా? మళ్లీ చదువు." పంతొమ్మిదో ఏట కంప్యూటరు క్లాసులో చేరి ఆమె కట్టిన మొట్టమొదటి పేజీ ఆయన కోసమే. ఒక శీర్షిక, దాని కింద బస్సుల టైముల పట్టిక. రంగు లేదు, బొమ్మ లేదు. ఆయన ఫోనులో తెర చదివే ప్రోగ్రాము ఉంది. అది ఆ పట్టికను వరసగా చదివి వినిపించింది. తర్వాత ఆమెకు ఉద్యోగం వచ్చింది, జీతం పెరిగింది, కట్టే పేజీలు అందంగా తయారయ్యాయి.

ఇక్కడ ఆ వృత్తివాళ్ల పాత తగాదా ఒకటి చెప్పాలి. బ్రౌజరు అంటే పేజీని తెరిచి చూపించేది. అది తనంతట తాను కొన్ని వస్తువులు ఇస్తుంది: నొక్కే బటను, ఎంచుకునే జాబితా, పట్టిక, ప్రశ్న అడిగే పెట్టె. వాటితోనే పేజీ కట్టేయొచ్చని కొందరంటారు. అది పాతకాలం మాట, ఫ్రేమ్‌వర్కు అనే చట్రం తెచ్చుకుని, దానితో వచ్చే తయారు సామాను, వాళ్ల మాటలో కిట్టు, బిగించుకుంటే పని తొందరగా అవుతుందని ఎక్కువమంది అంటారు. రెండూ విన్నాక నాకు ఒక వడ్రంగి గుర్తొచ్చాడు. ఆయన మేడ మీద మూడు నెలలు అద్దెకున్నాను. ఫ్యాక్టరీ తలుపులు తెచ్చి బిగించేవాడు. మంచి తలుపులే. ఒక ఇంట్లో మాత్రం గుమ్మం రెండు వేళ్లు తక్కువైంది. తలుపు చెక్కితే పూత పోతుందని గోడ కొట్టాడు. ఇంటావిడ అన్నం పళ్లెం చేత్తో పట్టుకుని, తన గోడలోంచి వీధిని చూస్తూ నిలబడిపోయింది. అయినా ఆ తలుపుల్ని తిట్టడానికి లేదు, మిగతా పదకొండు ఇళ్లకీ అతికినట్టు సరిపోయాయి.

మొదటి పరీక్షకు మేనకోడలు డిపోకు వచ్చింది. కౌంటరులో మామయ్య, వెనక మేనేజరు. మామయ్య ఒక చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకున్నాడు. మౌసు ఆయనకు పనికిరాదు. ట్యాబ్ కీ నొక్కుకుంటూ ఒక్కో వస్తువు దగ్గరికి వెళతాడు, అది తానెవరో చెబుతుంది, కావలసింది వస్తే ఎంటర్ నొక్కుతాడు.

"నొక్కు మామయ్యా. మొదటి బటను వస్తుంది."

నొక్కాడు. మళ్లీ నొక్కాడు. ఇంకో నాలుగుసార్లు నొక్కాడు.

"ఏమంటోంది?"

"పేజీ పేరు చెప్పింది. తర్వాత పైనున్న అడ్రసు గడి అంది. మళ్లీ పేజీ పేరు."

"మధ్యలో పద్నాలుగు బటన్లున్నాయి."

"ఉంటాయిలే అమ్మడూ, నువ్వు అబద్ధం చెప్తావా. నాకు మాత్రం ఇంటి చుట్టూ తిరిగి మళ్లీ వీధిలోకి వచ్చినట్టుంది. లోపల ఎవరూ పలకట్లేదు."

మేనేజరు గొంతు సవరించుకుని, "ఆ గదిలో ఫ్యాను కొత్తది మామయ్యా," అన్నాడు. ఓదార్పు అనే అనుకున్నాడు పాపం.

జరిగింది ఇది. బ్రౌజరు ఇచ్చే బటను మోటుగా ఉందని డిజైనరు వద్దన్నాడు. ఆమె చట్రంలోని ఖాళీ గడులు తెచ్చి, మూలలు గుండ్రంగా చేసి, కింద నీడ పెట్టి, లోపల అక్షరాలు రాసింది. మౌసుతో కొడితే పనిచేస్తాయి. కంటికి అవి బటన్లు. బ్రౌజరు దృష్టిలో మాత్రం అవి రంగేసిన ఖాళీ గడులు. అవి ఏమిటని అడిగితే చెప్పడానికి దాని దగ్గర ఏమీ లేదు. ఇలాంటి తప్పు ఇంకే వృత్తిలోనూ చేయడం కుదరదు. ఆఫీసులో ఎనిమిది మంది ఆ పేజీని పరీక్షించారు, ఎనిమిది మందీ కళ్లతో. ఆ ఎనిమిది మందిలో మామయ్య చేతిని భుజం మీద మోసుకుంటూ బడికి వెళ్లిన మనిషి ఒకతి ఉంది. మిగిలినవన్నీ కిట్టు చూసుకుంటుందిలే అనుకున్నానని నాతో చెప్పింది. సాకుగా చెప్పలేదు, నేరం ఒప్పుకున్నట్టు చెప్పింది.

ఇంటికెళ్లేసరికి కబురు ముందే చేరింది. తల్లి బట్టలు మడత పెడుతోంది.

"మా తమ్ముడి కుర్చీ ఎవరు లాగారంటే ఏం చెప్పమంటావే? పెంచిన పిల్లే లాగిందని చెప్పనా?"

"ఊరుకో అక్కా. గొడుగులు కూడా మనుషులవేగా," అన్నాడు మామయ్య.

"నువ్వు మధ్యలో రాకు. నీ తరఫున పోట్లాడుతుంటే నువ్వే జోకులేస్తావేం."

ఆయన ఫోను తీసి ఏదో నొక్కాడు. ఫోను పలికింది: పన్నెండో నంబరు, ఆరు ఇరవై, రెండో ప్లాట్‌ఫారం. పదిహేడో నంబరు, ఆరు నలభై, నాలుగో ప్లాట్‌ఫారం. మేనకోడలు గుర్తుపట్టింది. పద్నాలుగేళ్ల నాటి తన పేజీ.

"ఆ టైములన్నీ ఎప్పుడో మారిపోయాయి మామయ్యా."

"నాకు తెలీదా? రోజూ చెప్పేది నేనేగా."

"మరెందుకు ఉంచుకున్నావు?"

"ఫోన్లు నాలుగు మారాయి. ఎందులో వేసినా పలుకుతోంది. నువ్వు కట్టినవాటిలో నాతో మాట్లాడేది ఇదొక్కటేగా అమ్మడూ."

ఎత్తిపొడుపు కాదు. ఉన్న మాట చెప్పాడు. ఆమె లేచి లోపలికెళ్లి, నాలుగేళ్ల కిందట తాను కట్టిన పేజీ ఒకటి పాత డిస్కులోంచి తీసి నడపబోయింది. నడవలేదు. దానికి కావలసిన చట్రం పాతబడింది, ఆ చట్రానికి కావలసిన సామాను ఇప్పుడు దొరకడం లేదు. పద్నాలుగేళ్లది మాత్రం హాల్లో ఇంకా టైములు చెబుతూనే ఉంది. ఆ క్షణంలోనే తేల్చుకున్నానంది.

మర్నాడు ఆఫీసులో టీమ్ లీడరు దగ్గరికెళ్లింది. అతను పనిమంతుడు. ఎవరి మీదా అరవడు, టీ చల్లారాక తాగుతాడు.

"కిట్టులో ఆ లోపం సరిచేసి కొత్తది వదిలారు. తెచ్చుకుందాం," అన్నాడు.

"తెచ్చుకుంటే అదే కిట్టు మీద నడిచే మన టికెట్ల పేజీ పడిపోతుందన్నా. పోయినసారి లేపడానికి మూడు వారాలు పట్టింది."

"అయితే ఏం చేద్దామంటావు?"

"కౌంటరు పేజీ ఒక్కటీ విడిగా రాస్తాను. చట్రం లేకుండా, బ్రౌజరు ఇచ్చినవాటితోనే."

"పక్కనే ఇటుకల బట్టీ పెట్టుకుని మట్టి తొక్కుతూ కూర్చుంటావా?"

"ఇటుకలు బ్రౌజరులోనే ఉన్నాయన్నా. మనమే అట్టపెట్టెలకి ఎర్రరంగేసి ఇటుకలన్నాం."

అతను నవ్వలేదు. "రేపు నువ్వు సెలవు పెడితే నీ పేజీ ఎవరు చూస్తారు? చట్రం అందరికీ తెలిసిన దారి. నీ సొంత దారిలో నువ్వొక్కదానివే నడవగలవు."

ఆ మాటలో న్యాయముందని ఆమె కూడా ఒప్పుకుంది. తెలివైనవాళ్లు సొంతంగా కట్టి, వాళ్లు వెళ్లిపోయాక ఎవరికీ అర్థం కాక కూల్చేసిన పనులు ఆ ఆఫీసు చాలా చూసింది.

"నేను రాసే లైన్లు రెండు వందలు దాటవు. దాటితే నేనే చెరిపేస్తాను. మిగతాదంతా ఊళ్లో ఉన్న ప్రతి బ్రౌజరుకీ తెలిసిందే. చట్రం తెలిసినవాళ్ల కంటే బటను తెలిసినవాళ్లు ఎక్కువ కదన్నా."

"నెలాఖరుకి ఎన్ని రోజులుంది?"

"తొమ్మిది."

"తొమ్మిదో రోజు మీ మామయ్య ముందు పెడదాం. పలికితే నీది. పలక్కపోతే ఉన్నదే పెడతాం. నువ్వు మళ్లీ ఈ మాట ఎత్తకూడదు."

"ఎత్తను."

ఆమె తిరిగొచ్చి చేసిన మొదటి పని కంప్యూటరు నుంచి మౌసు ఊడదీయడం. దాన్ని అటెండరు చేతిలో పెట్టింది. "తొమ్మిది రోజులు దాచు. బతిమాలినా ఇవ్వకు."

"పాడైందామ్మా?"

"అది బాగానే ఉంది. నేనే పాడయ్యాను."

రెండోరోజుకి పేజీ ఒక రూపానికొచ్చింది. బ్రౌజరు బటన్లు, బ్రౌజరు జాబితాలు, ఒక పట్టిక. డిజైనరు కుర్రవాడు వెనకనించి తొంగిచూశాడు. "అక్కా, ఇది మా తాత ఆధార్‌కార్డు ఫొటోలా ఉంది."

"ముందు పలకనీ. రంగులు నువ్వే వేద్దువుగాని. ఈ బటన్లకి కూడా అంటుతాయి." నిజంగానే ఏడోరోజున అతనే వేశాడు, బాగానే వేశాడు.

మూడోరోజు తెర కూడా ఆపేసింది. చెవిలో ఇయర్‌ఫోను, ముందు నల్లటి అద్దం, వేళ్ల కింద కీబోర్డు. అటుగా వెళ్లేవాళ్లు ఆగి చూసేవారు.

"మానిటరు పోయిందా అక్కా?"

"లేదు. నాకే చూపు ఎక్కువైంది."

చీకట్లో కూర్చుంటేనే తెలిసినవి కొన్ని ఉన్నాయి. ప్రోగ్రాము తెలుగు మాటల్ని నోట్లో గులకరాళ్లు వేసుకున్నట్టు చదువుతోంది. పేజీ ఏ భాషలో ఉందో పైన ఒక్కమాట రాసిపెడితే సరిగ్గా చదివింది. ఆ ఒక్కమాట ఉద్యోగంలో చేరిన తొమ్మిదేళ్లలో ఆమె ఏ పేజీలోనూ రాయలేదు. ఇక బస్సుల జాబితా. పాత పేజీలో నంబరు కొడితే ఆ బస్సు దగ్గరికి వెళ్లేలా ఆమె మూడు వందల లైన్లు రాసింది, పదకొండు రోజులు కూర్చుని. బ్రౌజరు ఇచ్చే జాబితాలో నాలుగు, ఒకటి అని కొట్టింది. నలభై ఒకటో నంబరు, అంది చెవిలో. ఆ సదుపాయం మొదటినుంచీ అందులోనే ఉంది. ఆమె మూడు వందల లైన్లూ చెరిపేసింది.

టీమ్ లీడరు ఆమె ముఖం చూసి, "ఏమైనా పోయిందా?" అన్నాడు.

"పోయిందన్నా. హాయిగా ఉంది."

ఇదంతా వింటే బ్రౌజరు అడిగినవన్నీ ఇచ్చే కల్పవృక్షం అనిపిస్తుంది. కాదు. బోర్డులతో సంబంధం తెగకుండా చూడటం, తెగితే మళ్లీ కలపడం ఆమే రాసుకోవాల్సి వచ్చింది. అక్కడ రెండు రోజులు తిన్నగా తిండి తినలేదు. లైన్లు నూట తొంభై నాలుగు అయ్యాయి. ఆరు మిగిలాయని లెక్కపెట్టుకుని ఊపిరి పీల్చుకుంది.

ఆరోరోజు ఆదివారం. ఇంట్లో భోజనాల బల్ల మీద రిహార్సలు. ల్యాప్‌టాప్ ముందు మామయ్య, చేతిలో మైకుకు బదులు గరిటె. ఎదురుగా తల్లి, స్టీలు పళ్లెం మీద చెంచాతో కొట్టాలి.

"నన్ను కండక్టర్ని చేశారు. ఇంక ఆ సంచి కూడా తగిలించండి," అంటూనే రెండుసార్లు గట్టిగా కొట్టింది.

మామయ్య జాబితాలో నంబరు కొట్టి, ఆలస్యం ఎంచుకుని, ఎంటర్ నొక్కి గరిటె నోటి దగ్గర పెట్టుకున్నాడు. "ప్రయాణికులకు మనవి. పదిహేడో నంబరు..." అని ఆగిపోయాడు. మళ్లీ మొదలెట్టి మళ్లీ ఆగాడు.

"ఏమైంది మామయ్యా?"

"నేనొకటి చెప్తుంటే ఇదొకటి చెప్తోంది. అచ్చం మీ అమ్మే."

"నన్నెందుకు లాగుతావురా మధ్యలో?"

పేజీ మౌనంగా ఉందన్న బాధలో మేనకోడలు మరీ అటువైపు వెళ్లిపోయింది. ఎక్కడ ఏ చిన్న మార్పు జరిగినా వెంటనే చెప్పేలా పెట్టింది. అవతల బోర్డులో గడియారం నిమిషం మారినా సరే, మామయ్య చెవిలో పడుతోంది. చూపున్నవాళ్లకి వచ్చే ఆలోచన అది: చూడలేని మనిషికి అన్నీ చెప్పాలని. ఇరవై ఆరేళ్లు మూడు రకాల మోతలతో బస్టాండు నడిపిన మనిషికి అన్నీ అక్కర్లేదు.

"నీకేం కావాలో చెప్పు."

"నేను నొక్కింది వెళ్లిందో లేదో చెప్తే చాలు. అదీ నేను మాట్లాడటం అయ్యాక. మంచీ మర్యాదా ఉన్నవాడు ఎలా చెప్తాడో అలా."

ప్రోగ్రాము చదువుతున్నది పూర్తయ్యేదాకా ఆగి, తర్వాత నెమ్మదిగా చెప్పమనే మాట కూడా బ్రౌజరుకు ముందే తెలుసు. ఆమె తక్కినవన్నీ తీసేసి, మామయ్య ప్రకటన ముగించి ఒక కీ నొక్కాక ఒకే ఒక్క మాట వినపడేలా చేసింది: వెళ్లింది. తల్లి మళ్లీ పళ్లెం కొట్టింది. ఈసారి గరిటె మైకులో ప్రకటన మొదటినుంచి చివరిదాకా సాగింది.

"పప్పు మాడిపోయింది," అంది తల్లి. "కండక్టరుద్యోగంలో ఇంటిపని కుదరదు."

తొమ్మిదోరోజు ఉదయం ఎనిమిదిన్నర. బస్టాండు కిక్కిరిసి ఉండే వేళ. మేనేజరు కావాలనే ఆ వేళ ఎంచుకున్నాడు. కౌంటరు వెనక అతనూ, టీమ్ లీడరూ, గోడకి ఆనుకుని మేనకోడలూ. నేను ఎప్పటి బెంచీ మీదే ఉన్నాను. అక్కణ్నించి బోర్డులన్నీ కనిపిస్తాయి.

అద్దం మీద ఒక్కసారి మోగింది. మామయ్య ఒక చెవిలో ఇయర్‌ఫోను, రెండోది అద్దం వైపు. ఆయన వేళ్లు కదిలాయి. "పన్నెండో నంబరు రెండో ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది," అని గొంతు వినిపించేలోపే రెండో బోర్డు మారింది. మళ్లీ ఒక్కసారి. మళ్లీ మారింది. ఇంతలో మేనేజరు బయటున్న కండక్టరుకి సైగ చేశాడు. రెండు మోతలు: నలభై ఒకటి ఆలస్యం. అవి మోగుతుండగానే పక్కనుంచి ఇంకో మోత: పదిహేడు వచ్చింది. "నలభై ఒకటి ఇరవై నిమిషాలు లేటు, ఐదో ప్లాట్‌ఫారానికి మార్చండి మామయ్యా," అన్నాడు మేనేజరు వెనకనించి.

మామయ్య పదిహేడు సంగతి ముందు ముగించాడు. తర్వాత నాలుగు, ఒకటి కొట్టాడు. ట్యాబ్. ఇరవై నిమిషాలు. ట్యాబ్. ఐదు. ఎంటర్. బోర్డు మారలేదు. ఆయన వేళ్లు ఆగిపోయాయి. మేనకోడలు గోడ వదిలి ఒక అడుగు వేసి, మళ్లీ వెనక్కి ఆనుకుంది. సాయం చేస్తే ఈ తొమ్మిది రోజులూ దండగ. టీమ్ లీడరు చేతిలో టీ చల్లారిపోయింది, తాగడం కూడా మరిచిపోయాడు.

"ఐదులో ఇంకో బస్సుందంటోందండీ," అన్నాడు మామయ్య తల తిప్పకుండా. "అయినా మార్చమంటావా అని అడుగుతోంది. ఏం చెప్పమంటారు?"

మేనేజరు తొంగి చూశాడు. ఐదులో నిజంగానే బస్సుంది. అతనే మరిచిపోయాడు. "ఆరు," అన్నాడు మెల్లగా.

ఆరో బోర్డు వెలిగింది. "ప్రయాణికులకు మనవి. నలభై ఒకటో నంబరు ఇరవై నిమిషాలు ఆలస్యంగా ఆరో ప్లాట్‌ఫారం మీదికి వస్తుంది. టీ తాగేవాళ్లు తాగొచ్చు." బెంచీల మీద నవ్వులు.

టీమ్ లీడరు మేనకోడలి పక్కకి జరిగాడు. "ఇక టికెట్ల పేజీ కూడా కూల్చేస్తావా ఏంటి?"

"దాంట్లో సీట్ల బొమ్మలు, ధరలు, ఆరుగురి చేతులు. దానికి మీ చట్రమే ఉండనీ అన్నా. నాకు దానిమీద పగేముంది? ఖాళీ గడులున్న చోట మాత్రం నిజం బటన్లు పెట్టిస్తాను. రేపట్నించి మొదలు."

"అడుగుతున్నావా, చెప్తున్నావా?"

"చెప్తున్నానన్నా."

అతను చల్లటి టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

మేనేజరు కుర్చీ పక్కకొచ్చి నిలబడ్డాడు. "అయితే మామయ్యా, ఆ గది సంగతి ఏమంటారు?"

మైకు మామయ్య చొక్కా జేబులోంచి గొడుగుల గది తాళంచెవి తీసి, కౌంటరు అద్దం మీద కొట్టాడు. ఒకటి. రెండు. మూడు. బయట వరసలో ఉన్న కండక్టర్లంతా ఒక్కసారి ఇటు తిరిగి, తర్వాత ఒకరి ముఖాలొకరు చూసుకుని నవ్వారు. ఆయన తాళంచెవిని మేనేజరు వైపు జరిపి, ట్యాబ్ కీ మీద వేలు పెట్టి, తరవాతి మోత కోసం చెవి ఒగ్గాడు.